‘దీనికి మందు లేదంట’: ఒక మెడికల్ షాపు వాడి వాదన

మాది కావలి. పద్దెనిమిదేళ్లుగా మందుల షాపు నడుపుకుంటున్నాను. మా వైపు మందుల షాపు వాడంటే సగం డాక్టరు కిందే లెక్క. "అన్నా, పిల్లోడికి దగ్గు, ఏదన్నా ఇయ్యి" అని కౌంటరు మీద యాభై రూపాయలు పెట్టిన వాళ్లను నేనెప్పుడూ వెనక్కి పంపలేదు. అలా ఇచ్చీ ఇచ్చీ నా సొంత మేనకోడలికి కూడా రెండేళ్ల పాటు దగ్గు సిరప్పులే ఇచ్చాను. డబ్బులు తీసుకోలేదు గనక అమ్మాననకూడదేమో గానీ, తప్పు తప్పే. ఆ పిల్లకు ఉన్నది సిస్టిక్ ఫైబ్రోసిస్ అని తెలిసేసరికి దానికి నాలుగేళ్లు నిండాయి.

ఇప్పుడు తొమ్మిదేళ్లు. నాలుగో తరగతి. ఈ ఐదేళ్లలో మా ఇంటికి వచ్చిన చుట్టాలు, స్కూలు టీచర్లు, నాతో వ్యాపారం చేసే మెడికల్ రెప్పులు, చివరికి ఒకరిద్దరు డాక్టర్లు కూడా నాతో అన్న మాట ఒకటుంది: "దీనికి మందు లేదంట కదా." ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకు మండుతుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను, కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి.

ముందు ఉప్పు సంగతి చెప్పాలి. మా నాయన ఇసకపల్లి వైపు ఉప్పు కొటార్లలో పనిచేసినవాడు. సాయంత్రం ఇంటికొస్తే చొక్కా వీపు మీద తెల్లటి చారలు కట్టి ఉండేవి. చెమట ఉప్పో, మడిలో ఉప్పో తెలిసేది కాదు. అలాంటి ఇంట్లో కాపురం చేసిన మా అమ్మ మనవరాలిని ముద్దు పెట్టుకున్నప్పుడల్లా పెదాలు తుడుచుకుని, "ఏందే నువ్వు, మీ తాత కొటార్లో పుట్టినట్టు ఇంత ఉప్పగా ఉన్నావు" అని నవ్వేది. మేమూ నవ్వేవాళ్లం. ఎండాకాలం పిల్ల నుదుటి మీద చెమట ఆరితే సన్నగా తెల్లటి పొడి కనపడేది. చూశాం, తుడిచాం, అంతే. వేలూరులో డాక్టరమ్మ మా చెల్లెల్ని అడిగిన మొదటి ప్రశ్నే "ముద్దు పెట్టుకుంటే ఉప్పగా ఉంటుందా?" అని. చెల్లెలు నా వైపు చూసింది. నేను నేల చూపులు చూశాను. యూరప్‌లో ఎన్నో వందల ఏళ్ల కిందటే నుదురు ముద్దు పెట్టుకుంటే ఉప్పగా తగిలే బిడ్డ బతకదని సామెతలా చెప్పుకునేవాళ్లట. మా అమ్మకు నాలుక మీదే పరీక్ష అయిపోయింది, దాన్ని చదవగలిగిన వాళ్లే మా ఇంట్లో లేరు. బీ ఫార్మసీ చదివిన నాతో సహా.

అసలు ఈ జబ్బేమిటో మన పెన్నా కాలువల లెక్కలో చెప్తాను. ఒంట్లోని కణాల గోడల మీద ఉప్పులోని క్లోరైడును అటూ ఇటూ వదిలే తూములుంటాయి. వాటిని తయారుచేసే జన్యువు పేరు సీఎఫ్‌టీఆర్, 7వ క్రోమోజోము మీద ఉంటుంది, 1989లో కనిపెట్టారు. ఆ తూము పాడైతే ఊపిరితిత్తుల్లో ఉప్పుతో పాటు రావాల్సిన నీరు రాదు. కఫం నీళ్లగా జారాల్సింది పోయి బంకలా అంటుకుపోతుంది, నీరందని కాలువలో బురద గట్టిపడ్డట్టు. ఆ బంకలో సూక్ష్మక్రిములు కాపురం పెడతాయి. క్లోమం నుంచి పేగుల్లోకి జీర్ణరసాలు దిగే దారి కూడా అట్టే మూసుకుపోతుంది, తిన్న నెయ్యీ నూనే అరగకుండా జిడ్డుగా, దుర్వాసనతో విరేచనంలో పోతాయి. చెమట దగ్గర మాత్రం కథ తిరగబడుతుంది. అక్కడ ఆ తూము పని ఉప్పును వెనక్కి లాక్కోవడం, అది పనిచెయ్యక ఉప్పంతా చర్మం మీదికి వచ్చేస్తుంది. ఉప్పటి ముద్దు వెనక సంగతి ఇది.

ఈ గుర్తులన్నీ మా పిల్లలో ఉన్నాయి. ఆగని దగ్గు, ఎంత తిన్నా ఎక్కని బరువు, డైపరు మార్చేటప్పుడు ముక్కు మూసుకోవాల్సి రావడం. ఒక్కోదానికి ఒక్కో మందు నడిచింది. దగ్గుకు ఉబ్బసం అన్నారు, బరువుకు టానిక్కు రాశారు, విరేచనాలకు నులిపురుగుల మాత్ర. ఆ తర్వాత ఎక్స్‌రేలో మచ్చలు కనపడగానే ఒక ఆస్పత్రిలో ‘ప్రైమరీ కాంప్లెక్స్’ అని ఆరు నెలలు టీబీ మందులు వాడించారు. కఫం పరీక్షలో టీబీ క్రిమి కనపడలేదు, పరీక్షకు సరిపడా కఫమే రాలేదన్నారు, అయినా మందు మొదలైంది. నేను వాళ్లను పూర్తిగా తప్పుపట్టను. మన దేశంలో దగ్గే పిల్లవాడి ఎక్స్‌రేలో మచ్చ కనపడితే డాక్టరుకు మొదట గుర్తొచ్చేది టీబీనే, రావాలి కూడా. కానీ ఆరు నెలలు అయిపోయి పిల్ల అట్టనే దగ్గుతుంటే రెండో ఆలోచన రావాలి కదా! సిస్టిక్ ఫైబ్రోసిస్ తెల్లోళ్ల జబ్బు, మనకు రాదు అని చదువుకున్న తరం ఇంకా ప్రాక్టీసులో ఉంది. మనకు వస్తుంది. కనుక్కోవడం లేదు గనక లేదనుకుంటున్నాం.

కనుక్కునే పరీక్ష ఏమన్నా బ్రహ్మవిద్యా అంటే కాదు. ముంజేతి మీద పైలోకార్పిన్ అనే మందు పూసిన ప్యాడ్ పెట్టి ఐదు నిమిషాలు చిన్న కరెంటు పంపిస్తారు, చీమ కుట్టినట్టు కూడా ఉండదు, తర్వాత అరగంట సేపు అక్కడ పట్టిన చెమట తీసుకుని అందులో క్లోరైడు ఎంతుందో చూస్తారు. లీటరు చెమటకు 60 మిల్లీమోల్స్ దాటితే జబ్బున్నట్టే, 30 లోపుంటే దాదాపు లేనట్టే, మధ్యలో ఉంటే మళ్లీ చూడాలి. మా పిల్లకు 104 వచ్చింది. ఈ పద్ధతి 1959 నాటిది. అరవై ఐదేళ్లు దాటిన పరీక్ష కోసం కావలి నుంచి వేలూరు పక్కనున్న కాట్పాడి దాకా రైలెక్కాల్సి వచ్చింది. జిల్లా కేంద్రంలో ఎంఆర్‌ఐ మిషన్లు ఎన్నో ఉన్నాయి, చెమట పట్టి కొలిచే ఏర్పాటు మాకు ఒక్కటీ దొరకలేదు.

ఇక ‘మందు లేదంట’ దగ్గరికొస్తాను. ఆ మాట అన్నవాళ్ల ఉద్దేశం జబ్బును వేళ్లతో సహా పీకేసే మందు లేదని. ఒప్పుకుంటాను. కానీ షుగరుకు అట్టాంటి మందుందా? బీపీకి ఉందా? మా షాపులో నెలకు అమ్ముడుపోయే సరుకులో సగం పైన ఆ రెండింటివే, ఎవరూ మందు లేదంట అని ఇంట్లో కూర్చోవడం లేదు. పిల్లల విషయంలో మాత్రం ఆ మాట వినగానే ఇంటిల్లిపాదీ చేతులు దించేస్తారు. డాక్టరు దగ్గరికి పోవడం తగ్గుతుంది, తిన్నది అరగడానికి వేసే ఎంజైమ్ క్యాప్సూల్స్ ఒక పూట మానేస్తారు, ఎట్టాగూ ఉండదు కదా పాపం అని ఏడిపించకుండా కఫం బయటికి తీసే ఫిజియో ఆపేస్తారు. ఆ పిల్ల చావు సగం జబ్బు వల్లా, సగం ఆ మాట వల్లా వస్తుంది. ఇది కోపంతో అంటున్నది కాదు, అలా జరిగిన ఒక ఇల్లు నాకు తెలుసు. అంతకు మించి ఆ ఇంటి గురించి రాయను.

మందు ఉంది. ఒకటి కాదు గనక ఎవరి కంటికీ ఆనదు. వాటిల్లో మొదటిది ఉప్పే, నిజంగానే.

1948లో న్యూయార్క్‌లో వడగాడ్పులు వచ్చినప్పుడు నీరసించి ఆస్పత్రికొచ్చిన పిల్లల్లో ఈ జబ్బున్నవాళ్లు ఎక్కువగా కనపడ్డారు. ఆ సంగతి పట్టుకుని పాల్ డి శాంట్ ఆగ్నీస్ అనే డాక్టరు వీళ్ల చెమటలో ఉప్పు విపరీతంగా పోతోందని 1953లో తేల్చాడు. న్యూయార్క్ ఎండకే అట్టా అయితే మన రోహిణి కార్తె సంగతి చెప్పాలా? నెల్లూరు ఎండలో, అందులోనూ సముద్రపు ఉక్కలో, ఈ పిల్లలకు వాంతులూ విరేచనాలూ లేకుండానే ఒంట్లో ఉప్పు ఖాళీ అయిపోతుంది. మెడ వాల్చేస్తారు. రక్తపరీక్ష చేస్తే సోడియం, పొటాషియం, క్లోరైడు మూడూ పడిపోయి ఉంటాయి. మా పిల్ల మూడో ఏట మే నెలలో అట్టా పడిపోతే వడదెబ్బ అని సెలైన్ ఎక్కించి పంపించారు. లేచి కూర్చుంది. సెలైన్ అంటే ఉప్పునీళ్లే కదా, మందు సరిగ్గానే తగిలింది, ఎందుకు తగిలిందో మాత్రం ఎవరూ అడగలేదు.

కాబట్టి మా ఇంట్లో ఇప్పుడు ఎండాకాలం మొదలవగానే పిల్ల మజ్జిగలో ఉప్పు ఎక్కువ పడుతుంది, స్కూలు బాటిల్లో ఓఆర్‌ఎస్ పోతుంది. బీపీ భయంతో ఊరంతా ఉప్పు తగ్గించుకుంటుంటే ఈ పిల్ల ఊరగాయ బద్ద చప్పరిస్తూ తిరుగుతుంది. ఒక్క మాట: ఓఆర్‌ఎస్ అంటే లీటరు నీళ్లలో కలిపే పొడి ప్యాకెట్టు. రంగు డబ్బాల్లో పళ్లరసంలా అమ్మే తియ్యటి నీళ్లు కాదు. వాటి మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశమిచ్చింది. దానికోసం హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఎనిమిదేళ్లు పోరాడారు. ఆ డబ్బాలు నేనూ అమ్మాను. మార్జిన్ బాగుండేది.

రెండోది ఎంజైమ్ క్యాప్సూల్. క్లోమం ఇవ్వలేని జీర్ణరసాన్ని ప్రతి భోజనంతోనూ బయటి నుంచి ఇవ్వడం. మొదటి ముద్దతో మింగాలి, నమలకూడదు, వేడి అన్నంలో కలపకూడదు. మింగలేని చంటిపిల్లలకు క్యాప్సూల్ విప్పి లోపలి గింజల్ని యాపిల్ గుజ్జులాంటి పుల్లటి మెత్తటి దాంట్లో పెట్టి మింగించాలి. డోసు బరువును బట్టి డాక్టరు కడతారు, రోజుకు కిలో బరువుకు 10 వేల యూనిట్ల లైపేజ్ (కొవ్వును అరిగించే ఎంజైమ్) దాటకూడదు. మరీ ఎక్కువ డోసులు వాడిన పిల్లల్లో పెద్దపేగు దెబ్బతిన్న సంగతి 1990ల్లో బయటపడింది. ఈ క్యాప్సూల్స్ వాడిన మూడో నెలకు మా పిల్ల రెండు కిలోలు పెరిగింది. అంతకు ముందు నేనిచ్చిన ఆకలి టానిక్కులన్నీ కలిపి చెయ్యలేని పని అది. దానికి ఆకలి లేక కాదు, తిన్నది ఒంటికి పట్టక. దాంతోపాటు కొవ్వులో కరిగే ఏ, డీ, ఈ, కే విటమిన్లు వేరేగా ఇవ్వాలి, నెయ్యి అరగని ఒంట్లో అవీ నిలవవు.

ఇక్కడే మన పథ్యం అడ్డొస్తుంది. దగ్గే పిల్లకు పెరుగు పెట్టొద్దు, అరటిపండు వద్దు, గుడ్డు వేడి, చేప చలవ, చెనక్కాయలు పైత్యం, నెయ్యి కఫం. ఈ లిస్టు మా మేనత్తకు కంఠతా వచ్చు. ఆవిడ మాట వింటే ఆ పిల్లకు మిగిలేది చారన్నం. ఈ జబ్బున్న పిల్లకు మామూలు పిల్లలకంటే ఎక్కువ తిండి కావాలి, అందులో కొవ్వు బాగా ఉండాలి. ముద్దపప్పులో నెయ్యి కారాలి. ఆదివారం చేపల పులుసులో మొదటి ముక్క ఆ పిల్లకే పడాలి. ఒకరోజు అత్త ముందు కూర్చుని రెండు గుడ్లూ, గిన్నెడు పెరుగన్నమూ తిని, క్యాప్సూల్ మింగి, "జేజీ, నాకు దగ్గు రాలా" అంది పిల్ల. అత్త ఏమీ అనలేదు గానీ మర్నాటి నుంచి పెరుగు తోడు పెట్టడం మాత్రం తనే చూసుకుంటోంది.

మూడోది అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే చవక, అందుకే ఎవరూ దాన్ని మందనుకోరు. కఫం బయటికి తీయడం. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట, పండగైనా పరీక్షలైనా. ముందు గొట్టాలు తెరుచుకోవడానికి సాల్బుటమాల్, తర్వాత నెబులైజర్‌లో ఉప్పునీళ్లు, ఆపైన ఫిజియో. పడుకోబెట్టి వీపు మీద గిన్నెలా వంచిన అరచేత్తో తట్టడం చిన్నప్పటి పద్ధతి. ఇప్పుడు పిల్ల సీసాలో నీళ్లు పోసి అందులో ముంచిన గొట్టంలోకి బుడగలు ఊదుతుంది. ఖర్చు వంద రూపాయలు కూడా కాదు, ఆ ఎదురు ఒత్తిడికి ఊపిరి గొట్టాలు తెరుచుకుని కఫం కదులుతుంది. తర్వాత అద్దం మీద ఆవిరి పట్టేలా "హా" అని గట్టిగా ఊదడం. మొదట్లో చెల్లెలు తడుతూ ఏడ్చేది, పిల్ల తట్టించుకుంటూ ఏడ్చేది, నేను వాకిట్లో నిలబడేవాణ్ణి. ఇప్పుడు బావ టీవీలో క్రికెట్ పెడితే ఓవరుకు పది బుడగలని పందెం కాస్తోంది.

నెబులైజర్‌లో ఉప్పునీళ్ల కథ మన సముద్రం ఒడ్డువాళ్లకు నచ్చుతుంది. ఆస్ట్రేలియాలో ఈ జబ్బుండీ అలల మీద సర్ఫింగ్ చేసే కుర్రాళ్లు మిగతావాళ్లకంటే బాగున్నారని డాక్టర్లు గమనించారు. ఆ దారి పట్టుకుని 7 శాతం ఉప్పునీళ్లను నెబులైజర్‌లో ఏడాది పాటు ఇచ్చి చూస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గింది, 2006లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో పిల్లలకు 3 శాతం, 7 శాతం రెండూ పోల్చి చూస్తే 3 శాతంతో కూడా ఊపిరితిత్తుల పనితీరు మెరుగైంది. 3 శాతం మన షాపుల్లో దొరికేదే. ఇది చెప్తే మా బావ, "అయితే ఆదివారం ఆదివారం మైపాడు బీచికి తీసుకుపోదాం" అన్నాడు. పోయాం కూడా. మైపాడు అల పిల్లను పడగొట్టింది, అది పడీపడీ నవ్వింది, దగ్గు మాత్రం ఇంటికొచ్చాక నెబులైజర్ పెడితేనే తగ్గింది. గట్టి కఫాన్ని కోసేసే డోర్నేజ్ ఆల్ఫా అనే ఖరీదైన మందు 1993 నుంచి ఉంది, ఫ్రిజ్‌లోనే పెట్టాలి. మా పిల్లకు డాక్టరు ఇంకా రాయలేదు, రాయకపోయినా బాగానే ఉంది.

నాలుగోది క్రిములతో యుద్ధం. వీళ్ల ఊపిరితిత్తుల్లో సూడోమోనాస్ అనే క్రిమి ఒకసారి పాతుకుపోతే వదలదు. కానీ మొదట కనపడగానే పట్టుకుంటే టోబ్రామైసిన్‌ను 28 రోజుల పాటు నెబులైజర్‌లో పీల్పించి తరిమెయ్యొచ్చు. పట్టుకోవాలంటే బాగున్నా బాగోలేకపోయినా మూణ్నెల్లకోసారి కఫం కల్చర్, అంటే కఫంలో ఏ క్రిములున్నాయో పెంచి చూసే పరీక్ష, చేయించాలి. బాగున్న పిల్లకు పరీక్షలెందుకనే ప్రశ్న మా ఇంట్లో కనీసం పదిసార్లు వచ్చింది. రెండో ఏడు కల్చర్‌లో ఆ క్రిమి కనపడింది. పిల్ల ఆ రోజు ఎగురుతూ దూకుతూ ఉంది. నెల మందుతో పోయింది. ఆ తర్వాత ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఈ క్రిమికి తడంటే ప్రాణం, అందుకని నెబులైజర్ కప్పు వాడిన ప్రతిసారీ కడిగి, మరిగించి, పూర్తిగా ఆరబెట్టాలి. మన వైపు చాలా క్లినిక్కుల్లో ఒకే మాస్కు, ఒకే కప్పు, పొద్దుట్నుంచి వచ్చిన పిల్లలందరికీ. చూసి చూసి అలవాటైపోయింది. మీ బిడ్డకు ఈ జబ్బున్నా లేకపోయినా సొంత మాస్కు కొనుక్కోండి. వ్యాపారం కోసం చెప్తున్నాడనుకున్నా సరే, కొనుక్కోండి.

ఇవి కాక ఊపిరితిత్తుల వాపు తగ్గడానికి కొందరికి వారానికి మూడు రోజులు అజిత్రోమైసిన్ రాస్తారు. పెద్దయ్యాక షుగరు రావచ్చు, కాలేయం చూసుకోవాలి. ఊపిరితిత్తులు మార్చడం ఆఖరి మెట్టు. చెన్నైలో ఆ ఆపరేషన్లు చేస్తున్నారు, మాకు ఆ మాట ఎత్తే అవసరం ఇంకా రాలేదు.

ఇప్పుడు అందరూ అడిగే ఆ అమెరికా మాత్ర. వాట్సాప్‌లో నాకు వారానికొకరు పంపుతుంటారు, "చూశావా, మందొచ్చిందంట, మూడు కోట్లంట." ట్రైకాఫ్టా దాని పేరు, బోస్టన్‌లోని వెర్టెక్స్ కంపెనీది, 2019 అక్టోబరులో అక్కడ అనుమతి వచ్చింది. ఇది మామూలు మందు కాదు, ఆ మాట నేనూ అంటాను. తెల్లవాళ్లలో ఎక్కువగా కనపడే జన్యు మార్పు ఎఫ్ 508 డెల్. అందులో తూము తలుపు వంకరగా తయారై, బిగించకముందే తుక్కులోకి పోతుంది. ట్రైకాఫ్టాలోని మూడు మందుల్లో రెండు ఆ తలుపును సరిగ్గా మడిచి దాని చోటికి చేరుస్తాయి, మూడోది దాన్ని తెరిచి పట్టుకుంటుంది. రోగుల మీద చేసిన ప్రయోగాల్లో ఊపిరి కొలత (ఒక్క సెకనులో బలంగా వదలగలిగే గాలి) 14 శాతం పాయింట్లు పెరిగింది, జబ్బు తిరగబెట్టడం 63 శాతం తగ్గింది. అమెరికాలో ఇప్పుడు పుట్టే ఈ జబ్బు పిల్లల ఆయుష్షు అంచనా అరవై ఏళ్లు దాటిందంటే ఇట్టాంటి మాత్రల చలవ అందులో చాలా ఉంది. 1950ల్లో అక్కడ బడికెళ్లే వయసు దాకా బతకడమే గొప్ప.

కానీ ధర? మొదలుపెట్టినప్పుడే ఏడాదికి 3 లక్షల 11 వేల డాలర్లు. అంటే రెండున్నర కోట్ల పైమాటే, ఒక ఏడాదికి, బతికినన్నాళ్లూ. దాన్ని తయారుచేయడానికి ఎంతవుతుందో లెక్కకట్టిన పరిశోధకులు 2022లో చెప్పిన అంకె ఏడాదికి 5,700 డాలర్ల లోపే. మధ్యలో ఉన్నదంతా పేటెంటు. అర్జెంటీనాలో ఒక స్థానిక కంపెనీ ఇదే మందును జనరిక్‌గా చేసి అమ్ముతోంది, ప్రపంచానికి జనరిక్కులు పంపే మన దేశం మాత్రం చెయ్యడం లేదు.

చెయ్యలేక కాదు. 2012 మార్చిలో కిడ్నీ, లివర్ క్యాన్సర్ మందు నెక్సావర్‌కు మన పేటెంట్ కంట్రోలరు కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటు ఉన్నా ఇంకో కంపెనీ ఆ మందు చేసుకునే అనుమతి, ఇచ్చారు. నెలకు 2 లక్షల 80 వేలు ఉన్న మందును 8,880 రూపాయలకు తయారుచేసింది హైదరాబాద్ నాట్కో. అదే నాట్కో 2025లో కోర్టులో నెగ్గి, వెన్నెముక కండరాల జబ్బుకు వాడే రిస్డిప్లామ్‌ను 15,900కి తెచ్చింది. అంతకు ముందు ఆ సీసా 6 లక్షల పైన ఉండేది. మన తెలుగునేల మీదే ఆ పని చేతనైన వాళ్లున్నారు. పేటెంటు చట్టంలో దారీ ఉంది. అడిగే గొంతులే చాలవు, ఎందుకంటే జబ్బు కనుక్కున్న పిల్లలే కొద్దిమంది. కనుక్కోని పిల్లలకోసం ఏ కంపెనీ మందు చేస్తుంది, ఏ ప్రభుత్వం చట్టం తీస్తుంది?

ఇంత చెప్పాక ఒక సంగతి దాచకూడదు. ఆ మాత్ర రేపు ఉచితంగా వచ్చినా మా పిల్లకు పనికిరాదు. జన్యు పరీక్షలో దానికి వచ్చింది ఎఫ్ 508 డెల్ కాదు. మన దేశపు రోగుల్లో అది పశ్చిమ దేశాల్లో ఉన్నంత ఎక్కువగా ఉండదు. మా పిల్ల మార్పు ప్రోటీన్ తయారీ మధ్యలోనే ఆగిపోయే రకం, రెండు కాపీల్లోనూ అదే. సరిచెయ్యడానికి అసలు తలుపుండాలి కదా, ఇక్కడ సగం చెక్కి వదిలేశారు. ఇట్టాంటి వాళ్లకోసం జన్యు చికిత్సలు ఇంకా ప్రయోగాల్లోనే ఉన్నాయి. ఆ రిపోర్టు వచ్చిన రోజు చెల్లెలు అడిగింది, "మరి ఆ మాత్ర కోసం నువ్వెందుకు కొట్లాడతావన్నా?" అని. నా దగ్గర జవాబు లేదు, ఉన్నదల్లా షాపుకు ఒంగోలు నుంచి ఎంజైముల కోసం ఫోను చేసే ఇంకో తల్లి. ఆవిడ కొడుక్కి ఉన్నది ఎఫ్ 508 డెల్.

రెండు కాపీల్లోనూ ఒకే మార్పు ఎట్టా వచ్చిందంటే, మేనరికం. చెల్లెల్ని ఇచ్చింది మా మేనత్త కొడుక్కే. జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి పాడైన కాపీ రావాలి. ఒక్కొక్కటే ఉన్న తల్లిదండ్రులకు ఏమీ తెలియదు, వాళ్లు నిక్షేపంగా ఉంటారు. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. జబ్బు బయటపడిన కొత్తల్లో అత్త మా అమ్మతో, "మీ వంశంలోనే ఏదో ఉంది వదినా" అంది. మా అమ్మ మెల్లగా, "నువ్వే వంశం నుంచి పోయావు మరి?" అని అడిగింది. ఇద్దరూ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. రెండో కాన్పుకు ముందు చెల్లెలూ బావా జన్యు సలహాకు వెళ్లారు, మూడో నెలలో మాయ ముక్క తీసి పరీక్ష చేశారు, బాబుకు జబ్బు లేదు. మొదటి బిడ్డ మార్పేమిటో కాగితం మీద ఉంటేనే ఆ పరీక్ష కుదురుతుంది. జన్యు పరీక్ష దండగ ఖర్చనే వాళ్లకు ఇదే నా జవాబు.

ప్రభుత్వం సంగతి కొంచెం. 2021 అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో ఈ జబ్బు రెండు చోట్ల ఉంది: ఎంజైముల కోసం రెండో గ్రూపులో, ట్రైకాఫ్టా లాంటి ఖరీదైన మందుల కోసం మూడో గ్రూపులో. గుర్తించిన కేంద్రాల ద్వారా 50 లక్షల వరకు సాయం అన్నారు, మనకు అందుబాటులో ఉన్నది హైదరాబాద్‌లో. 2023 ఏప్రిల్ నుంచి ఈ విధానంలో ఉన్న జబ్బులకు సొంత వాడకానికి తెప్పించుకునే మందుల మీద కస్టమ్స్ సుంకం లేదు. బాగుంది. కానీ 2016 వికలాంగుల చట్టంలో ఉన్న 21 రకాల్లో తలసీమియా ఉంది, హిమోఫీలియా ఉంది, ఇది లేదు. బస్సు పాసు, పింఛను మాట అట్టా పెట్టండి, స్కూల్లో పిల్ల మధ్యాహ్నం అన్నం ముందు క్యాప్సూల్ వేసుకోవడానికి, ఎక్కువసార్లు బాత్రూముకు పోవడానికి చెల్లెలు ప్రతి జూన్‌లో కొత్త టీచరుకు కథ మొదట్నుంచీ చెప్పుకోవాలి. నాకైతే 50 లక్షలకంటే ముందు కావలసింది వేరే. జిల్లాకొక చెమట పరీక్ష, నెలనెలా ఎంజైములు, ఫిజియో నేర్పే మనిషి ఒక్కరు. ఈ మూడూ లేని చోటికి కోట్ల మాత్ర తెచ్చిపెట్టినా అది ఎవరికి ఇవ్వాలో తెలియదు.

షాపులో ఇప్పుడు నా పద్ధతి మారింది. నెల దాటిన దగ్గుతో, ఎదగని పిల్లను చంకనేసుకుని వచ్చిన తల్లికి సిరప్ ఇవ్వడం మానేశాను. విరేచనం జిడ్డుగా ఉంటుందా, ముద్దు పెట్టుకుంటే ఉప్పగా తగులుతుందా అని అడుగుతాను. కొందరు ఈయనకేమైంది అన్నట్టు చూసి పక్క షాపుకు పోతారు. పోయిన ఏడు ఒకామె మాత్రం కౌంటరు దగ్గరే నిలబడి బిడ్డ నుదుటి మీద నాలుక ఆనించి చూసింది. ఉప్పగా లేదంది. అయినా పిల్లల డాక్టరు దగ్గరికి పంపాను, ఆ బిడ్డకు ఉన్నది ఉబ్బసమేనని తేలింది, ఇన్‌హేలర్‌తో బాగున్నాడు.

ఎంజైమ్ క్యాప్సూల్స్ మా వైపు ఏజెన్సీలు ఎప్పుడూ స్టాకు పెట్టవు, కదలని సరుకంటారు. వారం పది రోజుల ముందు ఆర్డరు పెడితే చెన్నై నుంచి తెప్పిస్తారు, కాబట్టి డబ్బాలో ఇరవై మిగిలుండగానే చెప్పండి, అయిపోయాక కాదు. మేము ఈ నెలాఖరుకు మళ్లీ వేలూరు పోవాలి, కల్చర్ టైమైంది. పిల్ల కిటికీ సీటు కావాలంటోంది, టికెట్లు ఇంకా ఆర్‌ఏసీలోనే ఉన్నాయి.